పెద్దకార్ల చరిత్రలో మనవారి అధ్యాయము

అమెరికా పెద్దకార్ల వైభవమును, వాటి క్షీణతను గూర్చి వ్రాయువారు సామాన్యముగా డెట్రాయిట్ నగరమున మొదలుపెట్టి డెట్రాయిట్ నగరముననే ముగింతురు. ఆ కథలో మన సీమకు చోటుండునని ఎవరికిని తోచదు. కాని వేములవాడ, సిరిసిల్ల, జగిత్యాల, నిర్మల్ ప్రాంతముల నుండి గల్ఫునకు పోయి, అచ్చటి సంపన్నుల యిండ్లలో హౌస్ డ్రైవర్లుగా కుదిరి, ఆ కార్లను దినదినము తుడిచి, కడిగి, ఎడారి రహదారులపై నడిపినవారు ఆ చరిత్రలో ఒక సంపూర్ణమైన అధ్యాయమునకు హక్కుదారులని నా దృఢమైన అభిప్రాయము.

డెట్రాయిట్ వైభవమును తక్కువచేసి చెప్పుట నా యుద్దేశము కాదు. 1701లో ఆ పట్టణమును స్థాపించిన ఫ్రెంచి దొర పేరు పెట్టుకొని 1902లో వెలసిన కాడిలాక్ సంస్థ, కారు ముందర నిలిచి ఇనుప హ్యాండిలును బలముకొలది త్రిప్పి ఇంజనును మేల్కొల్పవలసిన శ్రమను, ఆ హ్యాండిలు ఒక్కొక్కప్పుడు ఎదురుతన్ని చేయి విరుగగొట్టు ప్రమాదమును తప్పించి, విద్యుచ్ఛక్తిచే ఇంజను కదలు ఏర్పాటును 1912 నమూనాలలో ప్రవేశపెట్టినది. ఆ సంస్థకు ప్రాణము పోసిన హెన్రీ లీలాండ్ 1917లో లింకన్ సంస్థను నెలకొల్పగా, 1922లో దానిని ఫోర్డు కొనెను. 1930 జనవరిలో కాడిలాక్ పదునారు సిలిండర్ల కారును లోకమునకు చూపినది; న్యూయార్క్ షేర్ల బజారు కుప్పకూలి అప్పటికి మూడు మాసములైనను నిండలేదు. ఆ మాంద్యపు దెబ్బకు డ్యూసెన్‌బర్గ్ 1937లో, పియర్స్ ఆరో 1938లో అంతరించెను. ప్యాకార్డు తక్కువ ధర కార్లను గూడ చేసి అప్పటికి నిలదొక్కుకొన్నను, 1958తో దాని పేరు సైతము మాసిపోయెను.

రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట వచ్చిన సమృద్ధి కాలమున ఆ కార్లు విచ్చలవిడిగా పెరిగినవి. 1948లో కాడిలాక్ వెనుకభాగమున యుద్ధవిమానమును చూచి తీర్చిన తోకరెక్కలు మొలిచి, ఏటేట ఎత్తై, 1959 నాటికి పరాకాష్ఠ నందుకొన్నవి. ఆ సంవత్సరపు కారు పొడవు దాదాపు 19 అడుగులు. 1970 నాటి కాడిలాక్ ఎల్డొరాడో ఇంజను పరిమాణము 8.2 లీటర్లు, మన అంబాసిడరుది లీటరున్నర. జనరల్ మోటార్స్ సంస్థ 1928లోనే బొంబాయిలో కార్లు బిగించుట ప్రారంభించినను, స్వతంత్ర భారత ప్రభుత్వము స్వదేశీ తయారీకి పట్టుబట్టగా 1954లో ఇచ్చట పని చాలించుకొని వెడలిపోయెను. ఆ తరువాత మన సామాన్యునకు ఆ సంస్థ వారి ఇంపాలా కారనగా సినిమా తెరమీద విలాసపురుషుడు దిగు వాహనము మాత్రమే.

1973 అక్టోబరున, అరబ్బులకును ఇజ్రాయిలునకును యుద్ధము జరుగుచుండగా, అరబ్బు దేశములు అమెరికాకు చమురు నిలిపివేసినవి. పీపా మూడు డాలర్లకు అటునిటుగా నున్న ముడిచమురు 1974 జనవరి నాటికి పండ్రెండు డాలర్లకు చేరువయ్యెను. అమెరికా రహదారులపై వేగము గంటకు 55 మైళ్లకు పరిమితమయ్యెను. కార్లు ఇంధనమును ఇంతకు మించి త్రాగరాదని 1975లో శాసనము వచ్చెను. నిరంతరము పెరుగుటయే ధర్మముగా భావించిన కాడిలాక్, 1977 నమూనాలలో బుద్ధిపూర్వకముగా పొడవును బరువును తగ్గించుకొనెను. డెట్రాయిట్ వారు ఈ ఘట్టమును పతనారంభముగా వర్ణింతురు. అమెరికా పౌరుడు పెట్రోలు బంకు ముందర వరుసలో నిలిచి చెల్లించిన ఆ సొమ్మే సముద్రము దాటి రియాళ్లుగా, దీనారులుగా మారి, ఎడారిలో నగరములను లేపి, ఆ నగరములకు మేస్త్రీలను, కూలీలను, డ్రైవర్లను పిలిచినది. వాన లేక, కాలువ లేక, బావులలో నీరడుగంటి, సాంచల (మరమగ్గముల) మీద రాత్రింబగళ్లు నిలిచినను కడుపు నిండని మన పల్లెలకు ఆ పిలుపు వినవచ్చెను. ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ యని తెలంగాణము తన వలసబ్రతుకును మూడు మాటలలో చెప్పుకొనుటలో ఆ మూడవ మాట చేరుటకు కారణము ఆ చమురు ధరయే. ఒకే కారణము అక్కడ కారును కురచ చేసినది, ఇక్కడ తల్లికి కొడుకును దూరము చేసినది.

ఇంధనము నీళ్లవలె లభించు గల్ఫు దేశములలో పెద్దకారునకు ఆదరము తగ్గకపోగా హెచ్చెను. విశాలమైన కుటుంబము, చదునైన సుదీర్ఘ రహదారి, నడివేసవిలోను లోపల చలి పుట్టించు శీతల యంత్రము: ఇవన్నియు ఆ కార్లకు అనువైన పరిస్థితులు. షెవర్లే కాప్రిస్, జీఎంసీ సబర్బన్ పేర్లు అమెరికాలో ఎంతమందికి తెలియునో గాని, సౌదీ, కువైట్లలో పనిచేసి వచ్చిన మన డ్రైవర్లకు ఇంటిపేర్లవలె నోట నాడును. టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్ కర్మాగారము 1996లో కాప్రిస్ తయారీని ఆపి, ఎత్తైన ఎస్‌యూవీల తయారీకి మరలగా, గల్ఫు వారు కాప్రిస్ పేరును వదలుకొనలేదు. కొంతకాలమునకు ఆస్ట్రేలియాలో తయారైన కార్లకు ఆ పేరే తగిలించి అక్కడికి ఎగుమతి చేసిరి.

ఆ కారులో మొదటిసారి కూర్చున్న మనవాని స్థితిని ఊహింపవలెను. ఊరిలో ట్రాక్టరు మీదనో, జీపు మీదనో చేయి తిరిగినవాడు. అచ్చట స్టీరింగు ఎడమవైపున. బండి నడుచునది రోడ్డు కుడివైపున. గేరు కడ్డీ స్టీరింగు చక్రము వెనుకనే యుండి వ్రేలితో లాగినంతనే కదలును. క్లచ్చు లేదు గనుక ఎన్నేండ్లుగానో అలవాటు పడిన ఎడమకాలు పనిలేక, తెలియకయే క్రిందికి నొక్కుచు బ్రేకుపై పడుచుండును. అక్కడి లైసెన్సు పరీక్షలో ఒకటికి రెండుసార్లు తప్పినవారు మన ప్రాంతమున కోకొల్లలు. లైసెన్సు చేతికి వచ్చిన పిదప గేటు ప్రక్కన చిన్నగది, తెల్లవారకముందే కారుపై పడిన ఇసుకను తుడుచుట, పిల్లలను బడికి చేర్చుట, ఇంటి యజమానురాలు ‘మామా’ను అంగడికి తీసికొనిపోవుట, అర్ధరాత్రి యజమాని ‘బాబా’ ఫోను చేసినచో లేచి తాళము తీసికొనుట. ఇంటి పిల్లలు పెరిగి పెద్దవారగుదురు. వారిని బడికి తీసికొనిపోయిన మనిషి తన పిల్లల బడిని చూచి యుండడు.

అతడు చట్టము దృష్టిలో కార్మికుడు కాడు, ఇంటి నౌకరు. నన్ను అన్నిటికన్న బాధించునది ఇదియే. సౌదీ అరేబియా 2021 మార్చిలో పనివానిని యజమాని పూచీకి కట్టివేయు కఫాలా పద్ధతిని సడలించి, కఫీలు (పూచీపడిన యజమాని) సమ్మతి లేకయే కొన్ని షరతులపై పని మారు వెసులుబాటును కంపెనీ కార్మికులకు ఇచ్చినప్పుడు, ఇంటిపనివారిని, వారితోపాటు హౌస్ డ్రైవర్లను దాని వెలుపలనే నిలిపినది. కువైట్ ఈ విషయమున కొంత నయము. 2015లో చేసిన శాసనమున దినమునకు 12 గంటలకు మించి పని చేయింపరాదనియు, వారమున కొకదినము సెలవీయవలెననియు నియమించినది. ఇంటి గోడల లోపల ఆ గంటలను లెక్కించువాడెవ్వడు? మన కేంద్ర ప్రభుత్వము 2014లో సౌదీతో ఇంటిపనివారి నియామకమును గూర్చి ఒప్పందము చేసికొన్నది. ఒప్పందము కాగితముపై నున్నది. కఫీలు పాస్‌పోర్టును బీరువాలో పెట్టుకొన్ననాడు ఆ కాగితము డ్రైవరునకు అందుబాటులో లేదు.

మరణించినవారికి మనము కొంత చేయుచున్నాము. గల్ఫులో ప్రాణము కోల్పోయినవారి కుటుంబమునకు 5 లక్షల రూపాయలు ఇచ్చుటకు తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వము 2024లో నిర్ణయించినది. కేంద్రము వారి ప్రవాసీ భారతీయ బీమా ప్రమాదమున మరణించినచో 10 లక్షల వరకు వర్తించును. ఇవి మంచి పనులే. ఆలస్యముగానైనను జరిగినందుకు సంతోషింపవలసినదే. కాని బ్రతికియున్నవానికి, ఊరు విడువకముందు, మనము చేయగలిగినది ఇంకను చాల గలదు. సిరిసిల్ల దాపున తంగళ్లపల్లి మండలము మండేపల్లిలో ప్రభుత్వము నెలకొల్పిన డ్రైవింగు శిక్షణ సంస్థ కలదు. గల్ఫు వీసా చేతికి వచ్చిన ప్రతి యువకునకు అచ్చట కొన్ని దినములు ఎడమ స్టీరింగు బండిపై అభ్యాసము కల్పింపవలెను. అరబ్బీ రహదారి గుర్తులను, వేగపు జరిమానాల పద్ధతిని నేర్పవలెను. అంతకన్న ముఖ్యముగా, అతడు సంతకము చేయబోవు కాంట్రాక్టును తెలుగులో చదివి వినిపించి, పని గంటలు, సెలవు, జీతము, తిరుగు ప్రయాణపు టిక్కెట్టు ఏ వాక్యములో నున్నవో వ్రేలు పెట్టి చూపించి, రాయబార కార్యాలయపు నంబరును అతని ఫోనులో ఎక్కించి పంపవలెను. ఏజెంటు చెప్పిన మాటే వేదవాక్యముగా నమ్మి విమానమెక్కు దుస్థితి అక్కడితో ఆగును. ఇందుకు కొత్త భవనము అక్కరలేదు, కొత్త శాసనము అక్కరలేదు. ఎడమ స్టీరింగు బండ్లు నాలుగు, అరబ్బీ తెలిసి గల్ఫు నుండి తిరిగివచ్చిన మన డ్రైవర్లలోనే అనుభవజ్ఞులైన ఇద్దరు ముగ్గురు బోధకులు ఉన్నచో, వచ్చే విద్యా సంవత్సరము నుండియే మొదలుపెట్టవచ్చును.