పొట్టిపురం కొండ, న్యూట్రాన్ భయం

నాది తమిళ మీడియం చదువు. తెలుగు అక్షరాలు రిటైరయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

పోయిన వారం తేనిలో ఒక పెళ్లికి వెళ్లాం. భోజనాల పంక్తిలో మా బావమరిది పాత మాటే మళ్లీ ఎత్తాడు. "బావా, పొట్టిపురం కొండలో న్యూట్రాన్లు పుట్టించాలని చూశారు. అందరూ అడ్డం పడబట్టి బతికాం" అన్నాడు. పక్కనున్న పదిమందీ తలలూపారు.

నేను ఒప్పుకోను. న్యూట్రినో వేరు, న్యూట్రాన్ వేరు. న్యూట్రినోలు సూర్యుడి నుంచీ, పైనున్న గాలి పొరల నుంచీ వచ్చి ఇది చదువుతున్న మీ ఒంట్లోంచి కూడా దూసుకుపోతున్నాయి. కొండలో వాటిని పుట్టించే యంత్రం లేదు, వచ్చేవాటిని గమనించడమే పని. న్యూట్రాన్ మాత్రం అక్కడ పిలవని చుట్టం. దాన్ని లోపలికి రానీకుండా చూడటానికే వాళ్లు తల బద్దలు కొట్టుకున్నారు.

ఆ గుహలో పెద్ద ఇనుప డిటెక్టర్‌తో పాటు టిన్‌టిన్ అని ఇంకో చిన్న ప్రయోగం కూడా పెట్టాలనుకున్నారు. టిన్-124 అనే ఒక రకం తగరంలో చాలా అరుదైన ఒక క్షయం జరుగుతుందా అని చూడటం దాని పని. జరిగితే పుట్టే వేడి లెక్కలోకి రానంత తక్కువ. నిండు గంగాళంలో చెంచాడు వేడినీళ్లు పోస్తే ఏం తెలుస్తుంది? అదే ఉగ్గుగిన్నెలో పోస్తే వేలికి తగులుతుంది. తగరాన్ని బాగా చల్లబరిస్తే గంగాళం ఉగ్గుగిన్నె అయినట్టే, కొంచెం వేడికే ఉష్ణోగ్రత పెరిగి కనిపిస్తుంది. ఆ చల్లదనం మైనస్ 273 డిగ్రీల అడుగుకి డిగ్రీలో నూరో వంతు దూరం. రెండు రకాల హీలియం కలిపి నడిపే యంత్రంతోనే అది సాధ్యం.

అంత సున్నితమైన చోట ఒక్క న్యూట్రాన్ వచ్చి తగిలినా దొంగలెక్క వస్తుంది. న్యూట్రాన్లు ఎక్కడివంటారా? ఏ రాయిలోనైనా రవ్వంత యురేనియం, థోరియం ఉంటాయి, వాటి నుంచే. బోడి కొండ రాయి తీసుకుని, అందులోంచి ఎన్ని వస్తాయో ముందే లెక్క కట్టారు.

సీసం గోడ కడితే చాలదా అని నేనూ అనుకున్నాను. చాలదు. క్యారమ్ బోర్డులో స్ట్రైకర్ అంచుకు తగిలితే అదే వేగంతో వెనక్కొస్తుంది, తనంత బరువున్న ఇంకో స్ట్రైకర్‌కి తగిలితే వేగం దానికిచ్చి ఆగిపోతుంది. బరువైన సీసం అంచు లాంటిది. న్యూట్రాన్‌తో సరితూగేది హైడ్రోజన్. అందుకే నీళ్లు, మైనం, పాలిథీన్ వాడతారు. నెమ్మదించినదాన్ని బోరాన్ మింగేస్తుంది. మింగినప్పుడు గామా కిరణం వస్తుంది, దానికి మళ్లీ సీసం కావాలి. ఆ సీసానికి ఆకాశం నుంచి వచ్చే మ్యూయాన్ తగిలితే కొత్త న్యూట్రాన్లు! మ్యూయాన్లను తగ్గించడానికే అన్ని వైపులా కిలోమీటరుకి తగ్గని రాయి కావాలన్నారు. కొండను ఎంచుకున్నది ఇందుకే గాని దాచిపెట్టడానికి కాదు. మన తెలుగువాళ్లూ తమిళులూ దిగి తవ్విన కోలార్ గనిలో 1965లో న్యూట్రినోల జాడ దొరికిందీ అంత లోతు వల్లనే.

అలాగని ఊరివాళ్లను తప్పుపట్టను. పెద్ద డిటెక్టర్‌కి 50,000 టన్నుల ఇనుము కావాలి. గూడ్సు లెక్కలు రాసిన చెయ్యి ఊరుకోదు కదా, వ్యాగన్‌కి 58 టన్నులు వేస్తే 862 వ్యాగన్లు, దాదాపు 15 రేకులు. రెండు కిలోమీటర్ల సొరంగం, పేలుళ్లు, తవ్విన రాయి, దుమ్ము, నీళ్లు, పులులు తిరిగే దారి, ఇవన్నీ నిజమైన ప్రశ్నలు. 2022లో రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టులో వద్దన్నప్పుడు చెప్పినవాటిలో పులుల దారి కూడా ఉంది. దాని మీద వాదించండి, నేనూ వింటాను.

నా బాధల్లా వేరు. 2015లో కేంద్రం 1,500 కోట్లకు సరే అనేలోపే ఎవరైనా ఊరి రచ్చబండ దగ్గర కూర్చుని ఈ గంగాళం, స్ట్రైకర్ మాటలు మన భాషలో చెప్పి ఉండాల్సింది. మా వీధికి వచ్చిన కాగితంలో సగం ఇంగ్లీషు, మిగతా సగం నాకే అర్థం కాని తమిళం.

వచ్చే నెల మన మీటింగులో అరగంట నాకివ్వండి. క్యారమ్ బోర్డు నేనే తెస్తాను. బావమరిదిని కూడా లాక్కొస్తాను, సొరంగం సంగతి అతను మాట్లాడతాడు.