పరుల బావి, మన పొలము

అమెరికాలోని ఆపిల్ కంపెనీ తన మాకింటోషుల ప్రాసెసరును మూడు మాఱులు మార్చినది: 1994లో మోటరోలా నుండి పవర్‌పీసీకి, 2006లో ఇంటెల్‌కు, 2020లో తాను రూపొందించిన ఎం1కు. పవర్‌పీసీ జీ5 వేడిని లాప్‌టాప్ తాళలేకపోగా ఇంటెల్‌ను ఆశ్రయించెను. ఇంటెల్ క్రొత్త ప్రాసెసర్లు ఆలసించుచుండగా స్వయంకృషికి దిగెను. ఎం1 తయారైనది తైవానులోనే. కాని రూపకల్పన ఆపిల్ చేతిలోనిది. ఇందలి మర్మమంతయు నిదియే.

ఈ విద్య మనకు క్రొత్త గాదు. 1967లో హైదరాబాదున అయ్యగారి సాంబశివరావుగారి నాయకత్వమున వెలసిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ 12 బిట్ల టీడీసీ-12ను, పిదప 16 బిట్ల టీడీసీ-316ను నిర్మించినది. ఆ దారి మూతపడి, నేడు మన కచేరీలలోను బడులలోను చాలవఱకు విదేశీ ప్రాసెసర్లే పనిచేయుచున్నవి.

మద్రాసు ఐ.ఐ.టి. వారి ‘శక్తి’, సి-డాక్ వారి ‘వేగ’ ప్రాసెసర్లు ఎవ్వరి అనుమతియు నవసరములేని రిస్క్-ఫైవ్ పద్ధతిపై రూపొందినవి. బల్లమీది కంప్యూటర్లకు ఇంకను చాలకున్నచో, విద్యుత్ మీటర్ల వంటి చిన్న యంత్రములతోనైన ప్రారంభింపవలదా? ప్రయోగశాలలో పొగడి కొనుగోలువేళ మఱచుట దేశభక్తి గాదు. ప్రభుత్వమే మొదటి ఖాతాదారు కావలెను.

పొరుగువాని బావిని నమ్మిన పొలము పొరుగువాని దయపై పండునని వెలిగండ్ల మెట్టరైతు ఎఱుగును. ఢిల్లీ యెఱుగుట యెన్నడో!