దెబ్బకు దొరికే జవాబు

బాంబు పెట్టినోడు దొరికిండు. ఇంకో బాంబు ఎక్కడున్నదో వానికే తెలుసు. గంటలో పేలుతది. కొట్టి చెప్పిస్తారా, వంద మందిని చావనిస్తారా? చర్చ ఎక్కడ మొదలైనా చివరికి మనల్ని ఈ ప్రశ్న దగ్గరికే తెచ్చి నిలబెడతారు. హోటల్లో చాయ్ తాగేకాడా ఇదే, టీవీ స్టూడియోలోనూ ఇదే. కొట్టొద్దంటే టెర్రరిస్టులకు వకాల్తా పుచ్చుకున్నారంటారు.

మోసం ఆ ప్రశ్నలోనే ఉన్నది. దొరికినోడే దోషి అని, నిజం వానికే తెలుసని, కొడితే అదే చెబుతాడని ముందే మనతో ఒప్పించి, ఆ తర్వాత కొట్టాలా వద్దా అని అడుగుతున్నది. దర్యాప్తులో తేలాల్సిందే ఆ సంగతి కదా!

హైదరాబాద్‌లో ఏం జరిగిందో చూద్దాం. 2007 మే 18 శుక్రవారం మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలి 9 మంది చనిపోయారు. ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు పోయారు. ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌లలో 40 మందికి పైగా బలయ్యారు. నగరం వణికింది. ఎవరినో ఒకరిని పట్టుకోవాలన్న ఒత్తిడి పోలీసుల మీద ఉన్న మాట వాస్తవం. పట్టుకున్నారు కూడా. పాతబస్తీ ముస్లిం యువకులను పదుల సంఖ్యలో ఎత్తుకుపోయారు. కరెంటు షాకులిచ్చారని వాళ్లు మొత్తుకున్నారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ పంపిన న్యాయవాది జైలుకు పోయి చూసి, ఒంటి మీద గాయాల గుర్తులున్నాయని నివేదిక ఇచ్చారు. వాళ్ల మీద పెట్టిన కుట్ర కేసులు కోర్టులో నిలవలేదు. తర్వాత సర్కారు కొందరికి 3 లక్షలు, మరికొందరికి 20 వేల చొప్పున పరిహారం ఇచ్చింది. ఆ సొమ్ము కొట్టినోళ్ల జీతంలోంచి కాదు, ఖజానాలోంచి. దాన్ని కూడా 2013లో హైకోర్టు చెల్లదన్నది.

కథ అక్కడితో ఆగలేదు. మసీదు కేసులో సీబీఐ 2010లో హిందుత్వవాదులను అరెస్టు చేసింది. ఆ డిసెంబర్‌లో స్వామి అసీమానంద మేజిస్ట్రేటు ముందు నేరం ఒప్పుకున్నాడు. ఆ తర్వాత, ఒత్తిడి పెట్టి తనతో అట్లా చెప్పించారన్నాడు. మన మిత్రుల్లో కొందరికి ఆయన మొదటి మాట ముద్దొచ్చింది, రెండో మాట వినబుద్ధి కాలేదు. అట్లా కుదరదు. పాతబస్తీ పిల్లగాని కోసం అడిగిన ప్రశ్న కాషాయం కట్టినాయన కోసమూ అడగాల్సిందే. 2018 ఏప్రిల్ 16న కోర్టు ఆయనతో సహా ఐదుగురిని నిర్దోషులని వదిలేసింది. మసీదులో చనిపోయిన 9 మందిని ఎవరు చంపినట్టు?

దెబ్బలకు ఎన్నడూ నిజం రాదని మేం అనం. రావచ్చు. కానీ నిజమూ అబద్ధమూ ఒకే నోటి నుంచి, ఒకే ఏడుపుతో వస్తాయి. ఏది ఏదో కొట్టేవానికి తెలియదు. తాను ముందే అనుకున్న జవాబు వినబడగానే లాఠీ ఆగుతది. దెబ్బలు తినేవాడు ఆ సంగతి తొందరగానే కనిపెడతాడు.

అమెరికా అంతటి దేశం ఇందులోనే బోర్లాపడ్డది. 2001 చివర్లో దొరికిన ఇబ్న్ అల్ షేక్ అల్ లిబీని ఈజిప్టుకు అప్పజెప్పింది. అల్‌ఖైదాకు ఇరాక్ రసాయన ఆయుధాల శిక్షణ ఇచ్చిందని అతనితో అక్కడ చెప్పించారు. 2003 ఫిబ్రవరి 5న కోలిన్ పావెల్ ఐక్యరాజ్యసమితిలో ఆ మాటనే సాక్ష్యంగా వినిపించాడు. మార్చిలో ఇరాక్ మీద బాంబులు పడ్డాయి. చిత్రహింస తప్పించుకోవడానికి అబద్ధం చెప్పానని 2004లో లిబీ మాట వెనక్కి తీసుకున్నాడు. అప్పటికి బాగ్దాద్ కూలి ఏడాదవుతున్నది.

పోలీసు ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదని 1872 సాక్ష్యాధారాల చట్టంలోనే రాసిపెట్టారు. తెల్లదొర కూడా తన పోలీసును నమ్మలేదన్నమాట. ఆ నియమానికి గండి కొట్టింది మన సొంత పార్లమెంటే. ముందు టాడా, 2002లో పోటా. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందం మీద 1997లో సంతకం పెట్టి, ఇన్నేళ్లయినా దానికి ఆమోదముద్ర వేయనిదీ మన దేశమే. 2010లో లోక్‌సభ ఆమోదించిన చిత్రహింసల నిరోధక బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది.

ప్రతి పోలీసు స్టేషన్‌లో, లాకప్పుతో సహా, మాట కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మంచిదే. కానీ 2007లో తమను రోజుల తరబడి ఎక్కడెక్కడో దాచిపెట్టారని ఆ యువకులు చెప్పారు. మఫ్టీలో వచ్చి ఎత్తుకపోయే పోరగాణ్ని కెమెరా ఉన్నచోటికే తీసుకపోతారని ఎవరు పూచీ ఇస్తారు?