లైసెన్సు రద్దయింది, మరి తుపాకి?

తుపాకి లైసెన్సు రద్దు చేస్తూ కలెక్టరు కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు వెలువడుతుంది. ఒక ప్రతి లైసెన్సుదారుకు, ఒక ప్రతి జిల్లా పోలీసు సూపరింటెండెంటుకు, మరొకటి ఆ గ్రామం ఏ స్టేషను పరిధిలో ఉంటే ఆ స్టేషనుకు వెళుతుంది. రిజిస్టరులోనూ, ఇప్పుడు కంప్యూటరులోనూ ఆ పేరు ఎదుట ‘రద్దు’ అని చేరుతుంది. కార్యాలయానికి సంబంధించినంతవరకు వ్యవహారం ముగిసింది. ఊళ్లో మాత్రం ఆ తుపాకి నిన్న ఏ మేకుకు వేలాడిందో నేడు కూడా ఆ మేకుకే వేలాడుతూ ఉంటుంది. తూటాల పెట్టె అటక మీద భద్రంగా ఉంటుంది. మారిందల్లా ఒక్కటే. నిన్నటివరకు సక్రమమైన ఆయుధం నేటినుంచి అక్రమ ఆయుధం.

దానిని ఆ మేకు మీదనుంచి దించి స్టేషనుకు చేర్చవలసింది ఎవరు? ఈ ప్రశ్న చిన్నదిగానే కనిపిస్తుంది. కాని దీనికి సూటి సమాధానం లేకపోవడం వల్లనే ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి.

1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు ఇచ్చేది, తీసివేసేది జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరుగారు. పోలీసు కమిషనరేట్లు ఉన్నచోట కమిషనరుగారు. అసలు సంగతి దాచిపెట్టి లైసెన్సు సంపాదించినా, షరతులు అతిక్రమించినా, మతిస్థిమితం లేదని తేలినా, ప్రజల శాంతిభద్రతలకు ఆ మనిషి చేతిలో తుపాకి ఉండటం మంచిది కాదని అధికారి భావించినా 17వ సెక్షను కింద రద్దు చేయవచ్చు. రద్దయిన వెంటనే లైసెన్సును అప్పగించాలని అదే సెక్షను అంటుంది. అక్కడ ఉన్నది లైసెన్సు మాటే, తుపాకి మాట కాదు. తుపాకి సంగతి 21వ సెక్షనులో ఉంది. లైసెన్సు గడువు తీరినా, తాత్కాలికంగా నిలిపివేసినా, రద్దయినా, మరి ఏ కారణం చేతనైనా ఆయుధం దగ్గర ఉంచుకునే హక్కు పోతే, అనవసర జాప్యం లేకుండా దానిని దగ్గరలోని పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు ఉన్న ఆయుధాల వ్యాపారి వద్ద గాని డిపాజిట్ చేయాలి. చేయకపోతే 25వ సెక్షను కింద జైలు శిక్ష.

‘అనవసర జాప్యం లేకుండా’ అంటే ఎన్నాళ్లు? రెండు రోజులా, రెండు నెలలా? చట్టంలో ఆ లెక్క లేదు. అంతకన్న ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. చట్టం భారమంతా యజమాని మీదనే మోపింది. స్టేషను తుపాకి పుచ్చుకునే చోటయింది గాని వెళ్లి తెచ్చే చేయి కాలేదు. ఎవరి చేతిలో తుపాకి ఉండటం ప్రమాదమని తేల్చి లైసెన్సు రద్దు చేశారో, ఆ మనిషే బుద్ధిమంతుడిలా తుపాకి భుజాన వేసుకుని స్టేషను మెట్లెక్కుతాడని ఎదురుచూడటం ఎంతవరకు సమంజసం? పిచ్చికుక్క తానే వచ్చి గొలుసు వేయించుకుంటుందని కూర్చున్నట్టుంది ఈ వరస.

ఈ విషయంలో తెలియదని చెప్పే వీలు స్టేషనుకు లేదు. లైసెన్సుకు దరఖాస్తు పెట్టినప్పుడు నివేదిక పంపేది దగ్గరలోని స్టేషను అధికారే. ఎవరి ఇంట్లో ఏ తుపాకి ఉందో, అది డబుల్ బ్యారలో, పంట కాపలాకు ఇచ్చిన మందు కూరే తుపాకో, నంబరుతో సహా అక్కడ రాసి ఉంటుంది. ఎన్నికలు వచ్చినప్పుడు చూడండి. ఏ లైసెన్సుదారు తుపాకి డిపాజిట్ చేయాలో జిల్లాస్థాయి స్క్రీనింగు కమిటీ తేలుస్తుంది. ఆ జాబితా స్టేషనుకు అందడమే తరువాయి, కానిస్టేబులు ఇంటికి వచ్చి కబురు చెబుతాడు, తుపాకులు వరుసగా వచ్చి చేరతాయి, రసీదులు వెళతాయి, ఫలితాలు వెలువడిన తరువాత తిరిగి ఇచ్చేస్తారు. పెద్దమనుషులైన లైసెన్సుదారుల దగ్గరనుంచి కొద్ది వారాల కోసం ఇంత చురుగ్గా తుపాకులు రాబట్టగల యంత్రాంగానికి, తుపాకి ఉంచుకోదగడని తేలిపోయిన ఒక్క మనిషి ఇంటికి వెళ్లడం కష్టమా? ఎన్నికల వేళ పైనుంచి గడువు ఉంటుంది, లెక్క అడిగేవారు ఉంటారు. రద్దు ఉత్తర్వు విషయంలో ఆ రెండూ లేవు. చురుకైన ఎస్.ఐ. ఉన్నచోట తుపాకి ఆ సాయంత్రమే వస్తుంది. లేనిచోట ఉత్తర్వు ఫైలులో పడుకుంటుంది.

ఇది మన దేశానికే పరిమితమైన లోపం కాదు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో షికాగో నగరానికి దగ్గరగా అరోరా అనే పట్టణం ఉంది. అక్కడ వేంకటేశ్వరస్వామి ఆలయం ఉంది. మన పల్లెల నుంచి వెళ్లిన పిల్లలు ఎందరో ఆ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటున్నారు కనుక ఈ పేరు వినని ఊరు అరుదు. ఆ రాష్ట్రంలో తుపాకి కొనాలంటే పోలీసు శాఖ ఇచ్చే గుర్తింపు కార్డు ఉండాలి. 2014లో ఒక వ్యక్తి ఆ కార్డు పొందాడు, దానితో ఒక చేతి తుపాకి కొన్నాడు. తరువాత తుపాకిని వెంట పెట్టుకు తిరిగేందుకు మరో పర్మిటు కోసం వేలిముద్రలు ఇచ్చాడు. అప్పుడు బయటపడింది, 1995లో మరో రాష్ట్రంలో అతనికి ఘోరమైన దాడి కేసులో శిక్ష పడిందని. వెంటనే కార్డు రద్దు చేశారు. తుపాకి వదిలించుకోవాలని ఉత్తరం పంపారు. 48 గంటల్లో కార్డును స్థానిక పోలీసులకు అప్పగించి, తుపాకి ఎవరికి ఇచ్చినదీ కాగితం మీద రాసి ఇవ్వాలని అక్కడి చట్టం. మన చట్టంలో లేని గడువు అక్కడ ఉంది. అయినా ఏమైంది? అతను తుపాకి ఇవ్వలేదు, ఎవరూ వెళ్లి తీసుకోలేదు. దాదాపు అయిదేళ్లు అది అతని దగ్గరే ఉంది. 2019 ఫిబ్రవరి 15న, తనను ఉద్యోగం నుంచి తీసివేస్తున్నట్టు చెప్పిన సమావేశంలో, అదే తుపాకితో ఫ్యాక్టరీలో అయిదుగురు తోటి ఉద్యోగులను కాల్చి చంపాడు. వారిలో ఒకరు ఆ రోజే శిక్షణకు చేరిన 21 ఏళ్ల విద్యార్థి. అడ్డుకోవడానికి వెళ్లిన పోలీసులు అయిదుగురికి తూటాలు తగిలాయి. చివరకు అతను కూడా పోలీసు కాల్పుల్లో చనిపోయాడు.

రద్దు చేయవలసినవారు రద్దు చేశారు, ఉత్తరం వేయవలసినవారు వేశారు. ఎవరి పని వారు చేసినట్టే లెక్క. ఇంటికి వెళ్లి తలుపు తట్టడం మాత్రం ఎవరి పనీ కాకుండా పోయింది. ఆ రాష్ట్రం 2021లో చట్టాన్ని సవరించి, కార్డులు రద్దయినవారి వెంటపడి తుపాకులు రాబట్టే పనికి ప్రత్యేక నిధి ఏర్పాటు చేసుకుంది. అయిదు ప్రాణాలు పోయిన తరువాత వచ్చిన తెలివి అది.

అయితే తప్పంతా పోలీసులదే, తుపాకి ఇవ్వనివాడల్లా దుర్మార్గుడే అనడం కూడా న్యాయం కాదు. పల్లెలో తుపాకి చాలామందికి తాతలనాటి ఆస్తి, పరువుకు గుర్తు. అడవి అంచున పొలం ఉన్న రైతుకు పందుల మంద వచ్చినప్పుడు ధైర్యం. దానిని స్టేషనులో ఇస్తే అది ఏ గదిలో, ఏ చెమ్మలో పడి ఉంటుందోనన్న భయం అందరికీ ఉంది. నూనె పట్టించేవారు ఉండరు. ఒక వర్షాకాలం గడిస్తే గొట్టం తుప్పు పడుతుంది, మరో వర్షాకాలానికి కర్రకు చెద పడుతుంది. రసీదు గట్టిగా అడిగితే గాని ఇవ్వరేమోనన్న అనుమానం వేరే. స్టేషనుకు బదులు ఆయుధాల వ్యాపారికి ఇచ్చుకోమంటుంది చట్టం. ఆ దుకాణాలు పట్నాలలో, అవీ వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని. లైసెన్సు లేని తుపాకితో అంత దూరం బస్సులో వెళ్లడానికి ఏ రైతుకు గుండె ఉంటుంది?

రద్దు కూడా అన్నిసార్లు శాంతిభద్రతల కోసమే జరుగుతుందని పల్లెజనం నమ్మరు. ఊళ్లో రెండు వర్గాలుంటే, ఏ వర్గం పలుకుబడి పెరిగితే ఎదుటివారి లైసెన్సుకు గండమన్న మాట రచ్చబండ దగ్గర వినేదే. అందుకే చట్టం కొన్ని రక్షణలు పెట్టింది. రద్దుకు కారణాన్ని అధికారి రాతపూర్వకంగా నమోదు చేయాలి. అడిగితే ఆ కారణాన్ని క్లుప్తంగా తెలియజేయాలి. చెప్పడం ప్రజాహితం కాదనుకుంటే తప్ప. 18వ సెక్షను కింద అప్పీలు ఉంది, ప్రభుత్వమే ఇచ్చిన ఉత్తర్వుకు తప్ప. కాని ఒక సంగతి చాలామందికి తెలియదు. అప్పీలు వేసినంత మాత్రాన ఉత్తర్వు ఆగదు. అప్పీలు వినే అధికారి ప్రత్యేకంగా ఆపితే తప్ప అది అమలులో ఉన్నట్టే. ‘అప్పీలులో ఉంది’ అని తుపాకి ఇంట్లో ఉంచుకోవడం కుదరదు. ముందు ఇచ్చి, రసీదు పుచ్చుకుని, తరువాత పోట్లాడాలి. నెగ్గితే తుపాకి తిరిగి వస్తుంది. నెగ్గకపోయినా గడువులోగా అర్హత ఉన్నవారికి అమ్ముకుని ఆ సొమ్ము తీసుకునే హక్కు ఉంది. గడువు దాటితేనే జిల్లా మేజిస్ట్రేటు నోటీసు ఇచ్చి ప్రభుత్వపరం చేస్తారు. లైసెన్సును తాత్కాలికంగా నిలిపివేసినప్పుడు, ఆ నిలిపివేత ఉన్నంతకాలం అలా స్వాధీనపరచుకోవడం కూడా కుదరదు. ఈ నాలుగు మాటలు ఉత్తర్వులోనే తెలుగులో రాసి పంపితే సగం మంది మారుమాట లేకుండా తుపాకి తెచ్చి ఇస్తారు.

మిగిలిన సగం కోసమే పోలీసులు ఉన్నది. రద్దు ఉత్తర్వులోనే ఫలానా తేదీలోగా డిపాజిట్ చేయాలని కలెక్టరుగారు రాయవచ్చు, అడ్డేమీ లేదు. ఆ ప్రతిని స్టేషను అధికారే స్వయంగా తీసుకువెళ్లి చేతికి ఇవ్వాలి. ఇచ్చిన చేత్తోనే తుపాకిని, తూటాలను లెక్కపెట్టి తీసుకుని, నంబరు వేసి, అక్కడే రసీదు ఇవ్వాలి. తుపాకి చేరినట్టు స్టేషను నుంచి జవాబు వచ్చేదాకా కలెక్టరు కార్యాలయంలో ఆ ఫైలు మూయకూడదు. ఉత్తర్వు అందిన తేదీ రాసే గడి పక్కన తుపాకి అందిన తేదీకి మరో గడి గీసుకోవడానికి జీవో అవసరం లేదు, స్కేలు ఉంటే చాలు. మొండికేసేవారి కోసం 22వ సెక్షను ఉండనే ఉంది. ఒకరి దగ్గర ఆయుధం ఉంటే ప్రజల భద్రతకు ముప్పని నమ్మడానికి కారణాలుంటే జిల్లా మేజిస్ట్రేటు వాటిని రాతలో నమోదు చేసి, ఇల్లు సోదా చేయించి ఆయుధం స్వాధీనం చేసుకోవచ్చు. అధికారం లేక కాదు, దానిని కదిలించే మనిషి లేక.

నాటు తుపాకుల మాటేమిటని ఎవరైనా అడగవచ్చు. వాటికి లైసెన్సే లేదు కనుక రద్దు ప్రశ్నే రాదు. ఆ కథ వేరు. అయితే పేరు, ఊరు, నంబరు అన్నీ రికార్డులో ఉన్న తుపాకినే తెచ్చుకోలేనివారు ఏ కాగితమూ లేని తుపాకిని వెతికి పట్టుకుంటారని జనం ఎలా నమ్మాలి?

రద్దుతో నిమిత్తం లేకుండా అక్రమమైపోయే తుపాకులు కూడా పల్లెల్లో ఉన్నాయి. ఇంటి పెద్ద కాలం చేస్తాడు. కర్మకాండలు, పొలం పంపకాలు, బ్యాంకు కాగితాలు అన్నీ గుర్తుంటాయి. గోడ మీది తుపాకి గుర్తుండదు. లైసెన్సు ఆయన పేరున ఉన్నది, ఆయనతోనే పోయింది. ఇంట్లో ముసలమ్మ, మనవలు, ఆ తుపాకి. 21వ సెక్షనులో ‘ఏ కారణం చేతనైనా’ అన్న మాట వీరికి కూడా వర్తిస్తుంది. ఇటువంటి ఇళ్లకు స్టేషనువారు కేసు పెట్టే ముఖంతో కాక, తోడు వచ్చినవారిలా వెళ్లాలి. ఇంటివారు కూడా ఆలస్యం చేయకుండా మరణ ధ్రువపత్రం, పాత లైసెన్సు తీసుకుని స్టేషనుకు వెళ్లి తుపాకి అప్పగించాలి. రసీదు మీద తుపాకి నంబరు, తూటాల సంఖ్య, తేదీ, స్టేషను ముద్ర ఉన్నాయో లేదో చూసుకోవాలి. వారసులలో ఎవరికైనా లైసెన్సు కావాలంటే ఆ రసీదు జతచేసి కలెక్టరు కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. వద్దనుకుంటే అర్హత ఉన్నవారికి అమ్ముకోవచ్చు.