మాస్కు అడిగితే పిచ్చోడా?

2020 మార్చి 22 సాయంత్రం ఐదింటికి దేశమంతా చప్పట్లు కొట్టింది, పళ్లాలు మోగించింది. మే 3న హెలికాప్టర్లలోంచి ఆసుపత్రుల మీద పూలు చల్లారు. ఆ పూలు తర్వాత ఎవరు ఊడ్చారో ఏ పేపరూ రాయలేదు. రాయక్కర్లేదు, మనకి తెలుసు.

పూలు చల్లిన పదమూడో రోజున, మే 16న, విశాఖపట్నంలో డాక్టర్ సుధాకర్ గారిని చొక్కా లేకుండా, చేతులు వెనక్కి కట్టి, పోలీసులు నడిరోడ్డు మీద నుంచి ఆటోలో ఎక్కించారు. ఆయన నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో మత్తు డాక్టరు. మన బిడ్డ. ఏప్రిల్‌లో ఎన్-95 మాస్కులు లేవని, ఒకే మాస్కు పదిహేను రోజులు వాడమంటున్నారని నోరు తెరిచి అడిగారు. సస్పెండ్ చేశారు. రోడ్డు మీద దొరికిన రోజున తాగి గొడవ చేస్తున్నాడన్నారు, మతి లేదన్నారు. కేజీహెచ్‌కి, అక్కణ్ణుంచి మానసిక ఆసుపత్రికి చేర్చారు. ఒంటి మీద గాయం ఒక్కటేనని ప్రభుత్వం తరఫు నివేదిక. హైకోర్టు పంపిన జడ్జి వెళ్లి చూస్తే ఆరు. మే 22న కోర్టు దర్యాప్తుని సీబీఐకి అప్పగించింది. మరుసటి ఏడు, 2021 మే 21న, గుండెపోటుతో ఆయన చనిపోయారు.

ఇక్కడ మేం మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అప్పట్లో మనవాళ్లమంతా గొంతెత్తి అన్నమాట ఒక్కటే: 'ఆయన పిచ్చోడు కాదు'. ఆ మాట అనక తప్పని పరిస్థితే అది. మాస్కు అడిగిన దళితుడి నోరు నొక్కడానికి ఆ ముద్ర చాలా సులువు. కానీ ఆ మాట దగ్గరే ఆగిపోయాం. మనసు దెబ్బతిన్నదనే అనుకుందాం. ఉద్యోగం పోయి, పరువు పోయి, రోగం పక్కన పనిచేసిన మనిషికి మనసు చెదరదా? చెదిరితే చేతులు విరిచి కట్టమని ఏ వైద్యం చెప్పింది? పిచ్చోడైతే కొట్టొచ్చు అనే మాటని మేం అప్పుడు నిలదీయలేదు.

నిలదీయకపోవడం వల్ల ఎవరు నష్టపోయారో చూడండి. ఆసుపత్రి ఊడ్చే పని, కక్కులూ దొడ్లూ కడిగే పని, శవాల గది పని మన మాల మాదిగ పల్లెల నుంచి వెళ్లినవాళ్ల చేతుల్లోనే ఎక్కువ. కరోనా శవాన్ని కారని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, జిప్పు లాగి, సంచి పైభాగాన్ని బ్లీచింగు ద్రావణంతో తుడవాల్సి వచ్చేది. కన్నబిడ్డలు ముట్టుకోడానికి లేదు. ఆ ఆఖరి పని చేసింది కాంట్రాక్టు మనిషి. ఒంటి మీద కిట్టు వేసుకున్నాక గంటల తరబడి మంచినీళ్లు లేవు, ఒంటేలు లేదు. డ్యూటీ దిగితే ఇల్లుగలాయన ఖాళీ చేయమన్నాడు. చెన్నైలో 2020 ఏప్రిల్‌లో డాక్టర్ల శవాల్నే పూడ్చనివ్వకుండా రాళ్లేశారు. దూరం జరగమనడం వాళ్లకి ఆ యేడు కొత్తగా తగిలింది. మనకి ఊరి చివర పుట్టినప్పటినుంచీ తెలిసిందే.

ఒక ఆసుపత్రిలో చేసిన చెల్లెలు మాతో అన్న మాట: "కళ్లు మూస్తే ఆ జిప్పు లాగిన చప్పుడే ఇనపడుద్దన్నా. పిల్లోడు స్కూలు బ్యాగు జిప్పు లాగినా గుండె జారుద్ది. ఎవరికి చెప్పను? చెప్తే పిచ్చిదంటారు. ఆ మాట కాంట్రాక్టరు చెవిన పడితే రేపట్నుంచి రావద్దంటాడు."

యంత్రంలో చెయ్యి నలిగితే పని గాయం అంటాం. ఇది పని గాయం కాదా?

ప్రభుత్వం ఏం చేసింది? చనిపోతే యాభై లక్షల బీమా అంది. మంచిదే, పారిశుద్ధ్య కార్మికుల్నీ ఆశా వర్కర్లనీ అందులో చేర్చారు. చావకుండా బతికి నిద్రపట్టనోళ్ల సంగతి అందులో లేదు. ఎంతమంది ఆరోగ్య సిబ్బంది చనిపోయారని 2020 సెప్టెంబరులో పార్లమెంటులో అడిగితే, ఆరోగ్యం రాష్ట్రాల విషయం, మా దగ్గర లెక్కలేదని కేంద్రం చెప్పింది. చావుకే లెక్కలేని చోట దిగులుకి లెక్కెక్కడిది? ఇంటింటికీ తిరిగి జ్వరాలు రాసిన ఆశా అక్కలకి కరోనా పనికి నెలకి వెయ్యి రూపాయలన్నారు. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకి అవార్డిచ్చింది. జీతం మాత్రం లేదు, పారితోషికమే.

చట్టం లేక కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఉంది. మనిషి సామాజిక స్థితిని బట్టి గానీ, పనిచేసే చోటి పద్ధతులకి ఎదురుతిరిగాడని గానీ మానసిక రోగి అని తేల్చకూడదని మూడో సెక్షన్‌లో రాసుంది. నూరో సెక్షన్ ప్రకారం, అలాంటి మనిషిని పోలీసులు తీసుకెళ్తే ఎందుకో చెప్పాలి, లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోపు దగ్గరి ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. క్రూరంగా, అవమానకరంగా చూడకూడదని ఇరవయ్యో సెక్షన్. సంఘాల కార్యకర్తలు ఈ మూడు సెక్షన్లూ ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. అట్రాసిటీ చట్టం ఎట్లా పెట్టుకున్నామో అట్లాగే.

14416 అనే నంబరు కూడా రాసుకోండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి-మానస్ నంబరది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోను కాంట్రాక్టరుని మార్చలేదు, అది మాకూ తెలుసు. అయినా అర్ధరాత్రి ఒక్కతే కూర్చున్న మనిషికి ఎవరో ఒకరు పలకాలి కదా.

అయితే అసలు పని ఆసుపత్రి గేటు దగ్గరుంది. ఔట్‌సోర్సింగు వాళ్ల వేతనం, పీఎఫ్ అడిగే విజ్ఞాపనలో, ఇంకోసారి రోగం వస్తే ఎన్ని గంటలకి డ్యూటీ మారుస్తారు, ఎన్ని రోజులు జీతంతో సెలవిస్తారు, మనసు బాగోలేదని డాక్టరు దగ్గరకెళ్తే పని తీసేయకుండా ఏ కాగితం మీద రాసిస్తారు అని కూడా అడగాలి. మీ మండలంలో ఆ రెండేళ్లు ఆసుపత్రి పని చేసినవాళ్లని కలవండి. వాళ్లు చెప్పింది రాసి మాకు పంపండి. పేరు వద్దంటే పేరు తీసేసి పంపండి, కాంట్రాక్టరు కంటపడకూడదు. వచ్చే సంచికలో రెండు పేజీలు వాటికోసం ఉంచుతున్నాం.