చౌక కాలిపరు కొనవచ్చునా?

పనిశాలలో చదువు బాలురకు స్వల్పవెలకు దొరకు డిజిటల్ కాలిపరు చాలునా యని తలిదండ్రులు కొందఱు మమ్మడుగుచున్నారు. చాలుననియే మా యభిప్రాయము. కాని పరీక్షింపక కొనరాదు. తెఱపై 0.01 మిల్లీమీటరు కనబడినంతమాత్రమున కొలత యంత నిక్కమని భ్రమింపరాదు, 0.02, 0.03 మిల్లీమీటరుల తేడా యీ పరికరములకు సహజము. అంతకు మించిన తప్పుతో దిద్దిన యిరుసు బేరింగులో నిమడదు. బాలుని దినమంతటి శ్రమ వ్యర్థమగును.

కావున దవడలు మూసి వెలుతురున కెదురుగా పట్టి చూడుడు. నడుమ కాంతి కానరాదు. పలుమాఱులు తెఱచి మూసినను సున్నయే నిలువవలెను. 608 సంఖ్యగల బేరింగు వెలుపలి వ్యాసము 22 మిల్లీమీటరులు. దానిని కొలిచి సరిచూడుడు. బ్యాటరీ యుడిగిననాడు పని యాగకుండ వెర్నియరు చదువుటయు ముందుగా నేర్పుడు. అంకెను నమ్ముటకంటె దానిని పరీక్షించుటయే విద్య.