ఎవరి ఊపిరి వారికి కొలత



మా ఊరి స్త్రీలతో కలిసి ఉదయమున వ్యాయామము ప్రారంభించిన క్రొత్తలో మేము ఒక పొరపాటు చేశాము. అందరిచేత ఒకే లెక్కన ఇరవై గుంజీళ్లు తీయించాము. కోడళ్లు నవ్వుతూ తీశారు. మోకాళ్ల నొప్పిగల ఒక పెద్దమ్మగారు మాత్రము ఎనిమిదింటికే ఆగి, "మీతో సమానముగా నేను చేయలేనమ్మా" అన్నారు. మరునాటి నుండి రాలేదు. వ్యాయామము ఎక్కువ అవసరమైనవారినే మేము దూరము చేసుకొన్నాము.

అప్పుడు నేర్చుకొన్నది ఇది: సమయము అందరికీ ఒకటే, లెక్క మాత్రము ఎవరిది వారిదే. "ఇరవై తీయండి" అనక, "అర నిమిషము చేద్దాము, అర నిమిషము ఆగుదాము" అనండి. ఆ వ్యవధిలో ఒకరు పదిహేను తీస్తారు, మరొకరు ఐదు తీస్తారు. అందరూ కలిసే మొదలుపెట్టి కలిసే ఆగుతారు గనుక వెనుకబడినవారంటూ ఉండరు.

ప్రతి వ్యాయామమునకు తేలికైన మెట్లు కూడ చూపండి. గుంజీళ్లు తీయలేనివారు గోడకు ఆనించిన కుర్చీ మీద కూర్చుండి లేవవచ్చును. అదియు కష్టమైతే కుర్చీ చేతులు పట్టుకొని లేవవచ్చును. పరుగెత్తలేనివారు నిలుచున్నచోటనే అడుగులు వేయవచ్చును. నడిపించువారు తేలికైన మెట్టునే మొదట చేసి చూపితే, దానిని ఎన్నుకొనుటకు ఎవరూ సిగ్గుపడరు.

తమ మెట్టు సరియైనదని ఎట్లు తెలుస్తుంది? ఊపిరియే చెబుతుంది. మాటలాడగలిగి, పాట పాడలేకపోతే అది మధ్యరకపు శ్రమ. నాలుగు మాటలకే ఆయాసము వస్తే అలవాటు లేనివారు తగ్గించుకోవాలి. హాయిగా పాడగలిగితే కొంచెము పెంచవచ్చును. నాడి లెక్కను నమ్ముకొనవద్దు. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు నాడి వేగమును తగ్గిస్తాయి.

గుండెజబ్బు గలవారు ముందే డాక్టరుగారిని అడగాలి. ఇన్సులిన్ తీసుకొనువారు కొంచెము పంచదార దగ్గర ఉంచుకోవాలి. ఛాతీలో నొప్పి గాని, తల తిరుగుట గాని కలిగితే వెంటనే ఆగి వైద్యసహాయము పొందాలి.

పెద్దలకు వారమునకు 150 నుండి 300 నిమిషముల మధ్యరకపు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఏమీ చేయకుండుటకంటె కొంచెమైనా మేలని కూడ చెప్పింది.

మేము ఆ పెద్దమ్మగారి ఇంటికి వెళ్లి, మా పొరపాటు ఒప్పుకొని పిలుచుకొని వచ్చాము. ఇప్పుడు ఆమె కుర్చీ ముందు వరుసలో వున్నది. మీ గుంపులోనూ రావడము మానుకొన్నవారు ఉంటే, ఈ వారమే వారి ఇంటికి వెళ్లండి.